క్రౌస్ గోడౌన్ ఈశాన్యం

మెర్టన్‌బర్గ్ వచ్చి ఏడేళ్ళయినా నాగమల్లేశ్వరి కాలు ఇంట్లో నిలిచేది కాదు. ఒహాయో పటంలో వేలు పెట్టి వెతికితే తప్ప దొరకని ఊరది. ఒక నది, ఒక మెయిన్ స్ట్రీటు, దానికి అటూ ఇటూ కాసిని ఇటుక మేడలు, ఊరి చివర ఆమె మొగుడు శశికాంత్ ప్రోగ్రాములు రాసే ఇన్సూరెన్సు కంపెనీ. చూడాల్సినవన్నీ ఒక్క పూటలో అయిపోతాయని శశికాంత్ వచ్చిన రోజే తేల్చేశాడు. అతని భార్యకి మాత్రం ఆ పూట ఇంకా పూర్తి కాలేదు.

ఆమె హైదరాబాదులో ఆర్కిటెక్చరు చదువుకుంది. పాత నవాబుల దేవిడీలకి కొలతలు తీసి బొమ్మలు గీసే ఆఫీసులో రెండేళ్ళు పనిచేసింది. పెళ్ళయ్యాక హెచ్-ఫోర్ వీసా మీద ఈ దేశం వచ్చింది. ఆ వీసా మీద వచ్చినవాళ్ళు వండుకోవచ్చు, తినొచ్చు, కారు నడపొచ్చు, కావలిస్తే ఇంకో డిగ్రీ కూడా చదవొచ్చు. చదివినదానితో జీతం తీసుకోవడం మాత్రం నేరం. పని తెలిసిన మనిషిని అలా చేతులు కట్టి కూచోబెడితే ఏమవుతుందో వీసా రూళ్ళు రాసిన పెద్దలకి తెలియదు. నాగమల్లేశ్వరి మొదటి చలికాలంలో అపార్టుమెంటు వంటింటిని మూడు రకాలుగా కొలిచి గీసింది. రెండో చలికాలానికి ఇంట్లో కొలవడానికి ఏమీ మిగల్లేదు. టేపు పట్టుకుని వీధిన పడింది.

మార్జరీ కంటపడింది అప్పుడే. మార్జరీ రిటైరైన హిస్టరీ టీచరు, ఊరి చారిత్రక కట్టడాల కమిషన్‌కి అధ్యక్షురాలు. పాత బ్యాంకు కిటికీ కొక్కేనికి టేపు కొస తగిలించి, రెండో కొస పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తున్న అమ్మాయిని చూసి, ముందు పోలీసుల్ని పిలుద్దామనుకుందట. తరవాత మనసు మార్చుకుని కాఫీకి పిలిచింది. అప్పటినుంచి ఊరి పాత పేటలో ప్రతి మేడకీ చరిత్ర రాసే పని నాగమల్లేశ్వరి మీద పడింది. జీతం లేదు గనక వీసాకి అభ్యంతరమూ లేదు.

ఏ మేడ ఎప్పుడు కట్టారు, ఏది మొదటిది, ఏది తరవాత అతికించింది, ఏ కిటికీ ఎందుకు మూశారు, అన్నీ గోడలు చూసి తేల్చాలి. టేపుకి రెండు కొసలుంటాయి, మనిషి మాత్రం ఒక్కతే. కొక్కెం దొరకని చోట కొస మీద ఇటుకరాయి పెట్టి కొలిచేది. శశికాంత్‌ని రమ్మంటే ఆదివారం క్రికెట్ ఉందనేవాడు. నోరు తిరగని పేరు గనక ఊళ్ళోవాళ్ళు ఆమెని నాగా అని పిలిచేవారు. ఏ గోడ గురించి సందేహం వచ్చినా, నాగాని అడగండి, అనేవారు. ఆ మాట చెవిన పడ్డ రోజు ఆమె ఇంటికొచ్చి రెండు కూరలు చేసేది.

రెండువేల పదిహేను మే నెలలో రూలు మారింది. హెచ్-ఫోర్ మీద ఉన్నవాళ్ళలో కొందరు ఉద్యోగం చేసుకోవచ్చన్నారు. జులైలో నాగమల్లేశ్వరికి ఆ అనుమతి కార్డు వచ్చింది. అదే నెలలో ఊరి పెద్దలు కట్టడాల కమిషన్‌కి జీతం మీద ఒక ఆఫీసరు కావాలని ప్రకటన వేశారు. "అప్లై చెయ్యి నాగా, నీ సర్వేయే నీ సర్టిఫికెట్" అంది మార్జరీ. ఇంటర్వ్యూ సెప్టెంబరు మొదటి గురువారం. ఆ గురువారం తప్ప నాగమల్లేశ్వరికి కేలండర్లో ఇంకో రోజు కనబడటం మానేసింది. గిన్నెలు తోముతూ జవాబులు వల్లెవేసేది. నిద్రలో కూడా నడుస్తున్నట్టే కాళ్ళు కదిపేదని శశికాంత్ ఫిర్యాదు.

సరిగ్గా అప్పుడే క్రౌస్ గోడౌన్ వ్యవహారం వచ్చి పడింది.

డాక్టర్ రామమోహనరావుగారు ఈ ఊళ్ళో కాలుపెట్టి నలభై ఏళ్ళు దాటింది. సర్జను. ఊళ్ళో సగం పొట్టలు ఆయన చేతుల మీదుగా తెరుచుకుని మూసుకున్నవే. రిటైరయ్యాక ఆయనకి ఒకటే కోరిక మిగిలింది, తెలుగువాళ్ళకి సొంతంగా ఒక హాలు. ఉగాదికి చర్చి బేస్‌మెంటు, బతుకమ్మకి హైస్కూలు జిమ్ము, పిల్లల తెలుగు బడికి లైబ్రరీలో మూల గది, ఇలా ప్రతిసారీ చోటు అడుక్కోవడం ఆయనకి తలవంపుగా ఉండేది. మెయిన్ స్ట్రీటులో ఖాళీగా పడి ఉన్న క్రౌస్ గోడౌన్ అమ్మకానికి వచ్చింది. ఒకప్పుడు క్రౌస్ అనే జర్మన్ వర్తకుడి గోధుమల కొట్టు, తరవాత ఫర్నిచర్ షాపు. పెద్ద హాలు, ఎత్తైన కప్పు. డాక్టరుగారు చూసిన రోజే మనసు పారేసుకున్నారు.

ఆదివారం ఆయన ఇంట్లో తెలుగు సంఘం కమిటీ కూచుంది. టీ కప్పుల మధ్య స్పీకర్ ఫోన్, ఫోన్లో తెనాలి నుంచి సిద్ధాంతిగారు. ప్లాను ఆయనకి వాట్సాప్‌లో ముందే వెళ్ళింది.

"నైరుతి మూల నుంచి నడకేమిటి డాక్టరుగారూ!" సిద్ధాంతిగారి గొంతు గదంతా మోగింది. "ఆ తలుపు మూసెయ్యండి. ఈశాన్యంలో తూర్పు ముఖంగా ద్వారం తెరవండి. అలా కుదిరితేనే కొనండి, నేనే వచ్చి గృహప్రవేశం చేయిస్తా."

ఫోన్ పెట్టేశాక అందరూ నాగమల్లేశ్వరి వైపు చూశారు. పాత పేటలో గోడలకి కొత్తగా కన్నం పెట్టనివ్వరు. అది ఊరి చట్టం. అయితే ఒకప్పుడు తలుపు ఉండి, తరవాత మూసేసిన చోటైతే మళ్ళీ తెరుచుకోవచ్చు. తలుపు ఉండేదా లేదా అన్నది కమిషన్ తేల్చాలి. కమిషన్ తేల్చాలంటే నాగాని అడుగుతుంది.

"సింపుల్ అండి నాగమల్లేశ్వరిగారూ" అన్నాడు చక్రపాణి. అతను కమిటీ సెక్రటరీ, శశికాంత్ ఆఫీసులోనే మేనేజరు, ఏ పనైనా చిటికెలో అయిపోవాలనే మనిషి. "ఈశాన్యంలో ఓల్డ్ డోర్ ఉండేదని ఒక రిపోర్ట్ సబ్మిట్ చేసెయ్యండి. అప్రూవ్ అయిపోతది."

"ఉంటే రాస్తానండీ."

"ఉంటేనే రాయమంటున్నాం తల్లీ" అన్నారు డాక్టరుగారు. "వెళ్ళి చూడు. నీకు కనపడకపోతే ఇంకెవరికీ కనపడదు."

ఆ మాటకి నాగమల్లేశ్వరి పొంగిపోయింది. పొంగినందుకు తరవాత చాలా తిట్టుకుంది కాని, ఆ క్షణంలో పొంగిపోయిన మాట నిజం.

మెర్టన్‌బర్గ్ మొదట్లో మెయిన్ స్ట్రీటు వైపు తిరిగిన ఊరు కాదు. తూర్పున కాలవ ఉండేది. పడవల్లో సరుకు వచ్చేది, పోయేది. మేడల ముఖాలన్నీ నీళ్ళ వైపే. రైలు వచ్చాక ఊరు మెల్లగా అటునుంచి ఇటు తిరిగి కూచుంది. పందొమ్మిది వందల పదమూడులో పెద్ద వరద వచ్చి కాలవ గట్లు తెగిపోతే, బాగుచేసే ఓపిక లేక పూడ్చేశారు. ఇప్పుడది మేడల వెనక కార్లు పెట్టుకునే సందు. ఆ సందులో నడుస్తూ, మూసేసిన పాత తలుపుల గుర్తులు పట్టడమంటే నాగమల్లేశ్వరికి భలే సరదా. పక్క మేడలన్నిటికీ కాలవ వైపు తలుపు ఆనవాళ్ళున్నాయి. క్రౌస్ గోడౌనుకి మాత్రం ఉండదా అనుకుంటూనే వెళ్ళింది.

ఉంది! ఈశాన్య మూలలో, నేల నుంచి ఆమె తలకంటే ఎత్తు వరకు, ఇటుకల రంగే వేరు. గోడంతా పాత సున్నం, ఇక్కడ మాత్రం బూడిదరంగు సిమెంటు. ఎడమవైపు వాన గొట్టం పక్కన అంచు గీత గీసినట్టు నిటారుగా దిగింది. కుడివైపూ పైభాగమూ ఐవీ తీగ దుప్పటిలా కప్పేసింది. తలుపైతే పైన ఇటుక కమానో రాతి దూలమో ఉండి తీరాలి. లేకపోతే పైగోడ బరువు మోసేదెవరు? ఏ ఆర్కిటెక్చరు విద్యార్థికైనా మొదటి ఏడాదే నేర్పే సంగతి అది. తీగ లాగి చూద్దామంటే ఇల్లమ్మే ఏజెంటు, ఇంకా మీది కాదు, ఏదీ ముట్టుకోవద్దన్నాడు. రిపోర్టు ఇవ్వడానికి ఆ సాయంత్రమే గడువు. చక్రపాణి అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు.

కమాను తీగ కింద ఉంటుందిలే అనుకుంది నాగమల్లేశ్వరి. ఇన్నేళ్ళలో ఏ గోడ విషయంలోనూ ఆమె 'ఉంటుందిలే' అనుకోలేదు. ఇంటికెళ్ళి, ఈశాన్యంలో పూర్వం కాలవ ద్వారం ఉండేదని, వరద తరవాత మూసేశారని రాసి పంపేసింది. కమిషన్ విచారణ సెప్టెంబరు ఒకటిన, ఇంటర్వ్యూకి రెండు రోజుల ముందు. మార్జరీ చదివి, "ఎంత చక్కని పని!" అని జవాబు రాసింది. ఆ రోజూ ఇంట్లో రెండు కూరలే.

ఆగస్టు ఆఖరి శుక్రవారం వరలక్ష్మీవ్రతం, లీలగారింట్లో. లీలగారంటే డాక్టరుగారి భార్య. ఊళ్ళో తెలుగు ఆడవాళ్ళందరికీ ఆంటీ. వాయనాల్లోకి నానబెట్టిన శనగలు తెచ్చే పని నాగమల్లేశ్వరికి అప్పజెప్పింది. ముందురోజు సాయంత్రం, మనసు ఇంటర్వ్యూ మీద పెట్టి, రెండు పెద్ద ప్యాకెట్ల శనగలూ ఒకే గాజు సీసాలో పోసి, మెడదాకా నీళ్ళు నింపి, బిరడా గట్టిగా బిగించేసింది. చీమలు పడతాయని.

పొద్దున లేచి తయారై వంటింట్లోకి వెళ్తే బిరడా స్టవ్ పక్కన పడుంది. శనగలు ఉబ్బి, సీసా మూతిలోంచి పైకి తన్నుకొచ్చి, గట్టు మీదంతా చెల్లాచెదరుగా పడ్డాయి. సీసాకి ఒక పక్క పగులు. కాస్త పులిసిన వాసన. "ఛీ, నా బుద్ధి మండ!" అంటూ గుడ్డ తీసుకుని తుడవబోతే, చెయ్యి అక్కడే ఆగిపోయింది.

పోయినేడు లైబ్రరీలో పాత పేపర్లు తిరగేసినప్పుడు, వరద తీశాక క్రౌస్ కొట్టు దగ్గర నెలల తరబడి పులిసిన వాసన కొట్టేదని ఎవరో రాసింది చదివింది. గోధుమలు తడిసి ఉంటాయి, పాపం అనుకుని పేజీ తిప్పేసింది. గోధుమలు తడిస్తే ఊరికే ఉంటాయా? కొట్టు నిండా, కప్పు అందేదాకా పోసిన గోధుమలు. చుట్టూ గోడలు. మూడు రోజుల నీళ్ళు.

వ్రతానికని కట్టుకున్న పట్టుచీరతోనే కారెక్కింది. ఏజెంటు మాట గుర్తొచ్చింది, లెక్కచెయ్యలేదు. సందులో కారాపి, కొంగు బిగించి, ఐవీ తీగని రెండు చేతులతో పట్టుకుని లాగింది. అది గోడని విడవనని మొరాయించింది. గోళ్ళు విరిగాయి. చీర మీద ఆకుపసరు పడింది. వెనక బేకరీలోంచి ఒకామె బయటికొచ్చి, ఈ పెళ్ళికూతురికేమొచ్చిందో అన్నట్టు నోరు తెరుచుకుని నిలబడింది.

తీగ కింద కమాను లేదు. రాతి దూలం లేదు. కింద గడప రాయీ లేదు. కుడి అంచు పళ్ళు ఊడినట్టు ఎగుడుదిగుడుగా ఉంది. ఎడమవైపు నిటారు గీత అనుకున్నది వాన గొట్టం నీడలో ఆమె ఆశ గీసిన గీత. అతుకు చుట్టూ పాత ఇటుకలన్నీ లోపలినుంచి ఎవరో తోసినట్టు బయటికి ఒరిగి ఉన్నాయి. ఇక్కడ తలుపు ఎప్పుడూ లేదు. గింజలు ఉబ్బి గోడని బద్దలు కొట్టుకుని బయటికొచ్చాయి. క్రౌసో, అతని కొడుకులో, ఆ కన్నాన్ని ఇటుకలతో పూడ్చారు. అసలు గింజలు పోసే కింది అంతస్తులో నీటి వైపు తలుపెందుకు పెడతాడు ఏ వర్తకుడైనా? పై అంతస్తులో కప్పీ వేసి పడవల్లోంచి బస్తాలు లాగే కిటికీ ఆమె ఎన్నిసార్లు చూడలేదు!

సందు మధ్యలో నిలబడి నాగమల్లేశ్వరి ఏడ్చేసింది. సిగ్గుతో ఏడ్చింది. తలుపు కావాలని ఎవరో అడిగితే తలుపు చూసింది.

లీలగారింటికి వెళ్ళేసరికి పూజ అయిపోయింది. ఆమె చీర చూసి లీలగారు గాభరాపడింది. "ఏమైందే, యాక్సిడెంటా?" నాగమల్లేశ్వరి దారిలో కొన్న డబ్బా శనగలు ఆమె చేతికిచ్చి, తిన్నగా డాక్టరుగారి దగ్గరికి నడిచింది. చక్రపాణి, శశికాంత్ అక్కడే కూచుని ప్రసాదం తింటున్నారు.

"డాక్టరుగారూ, అది తలుపు కాదండీ. నేను తప్పు రాశాను."

మొత్తం చెప్పింది. డాక్టరుగారు స్పూను ప్లేటులో పెట్టేసి ఆమె వైపే చూస్తూ కూచున్నారు.

"ఇది ఇంకెవరికి తెలుసు?" అన్నాడు చక్రపాణి.

"నాకు తెలుసు."

"అంటే ఎవరికీ తెలీదు. చూడండి, మీరు అబద్ధం రాయలే, మీకు కనిపించింది రాశారు. ట్యూస్‌డే అప్రూవల్, థర్స్‌డే మీ ఇంటర్వ్యూ. మధ్యలో మీరే వెళ్ళి నా రిపోర్ట్ రాంగ్ అంటే మిమ్మల్ని హైర్ చేస్తారా? మాకు డోర్ పాయె, మీకు జాబ్ పాయె. ఎవరికి లాభం?"

డాక్టరుగారు ఏదో ఒకటి అంటే బాగుండునని ఆమె ఆయన వైపు చూసింది. ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళిపోయారు.

కార్లో శశికాంత్ మెల్లగా అన్నాడు. "మల్లీ, ఏడేళ్ళు వెయిట్ చేశావు. నీకంటే నేనే ఎక్కువ వెయిట్ చేశాను తెలుసా, నువ్విలా తిరుగుతుంటే చూస్తూ. పొరపాటే కదా. పనిగట్టుకుని చెప్పాలా?"

"నువ్వయితే చెప్పవా? నీ కోడ్‌లో బగ్ ఉందని తెలిస్తే?"

"ప్రొడక్షన్‌లోకి వెళ్ళాక..." అని నసిగి, స్టీరింగు మీద వేళ్ళు వాయించాడు.

శని, ఆది, సోమ. ఆమె కూచున్నచోట కూచోలేదు. చెయ్యబోయిన ప్రతి పనీ మధ్యలో వదిలేసింది. ఉతికిన బట్టలు మళ్ళీ మెషీన్లో వేసింది. ఒక్క గురువారం దాకా నోరు మూసుకుంటే చాలు. తరవాత ఆఫీసరయ్యాక తనే సరిదిద్దొచ్చు. ఇలా అనుకున్నప్పుడు కాస్త ఊపిరాడేది. అప్పటికి తలుపు కోసేసి ఉంటారు కదా అని గుర్తొస్తే మళ్ళీ లేచి గదంతా తిరిగేది. ఆ అతుకు మీద కొత్తగా కోస్తే, ఒరిగిన ఇటుకలు ఏ పక్క జారతాయో ఎవరు చెప్పగలరు? ఆ హాలులోకి తెలుగు బడి పిల్లలంతా వస్తారు.

మంగళవారం విచారణకి కమిటీ అంతా కోట్లు వేసుకుని వచ్చింది. డాక్టరుగారు మొదటి వరసలో. మార్జరీ రిపోర్టు చేతిలో పట్టుకుని, "నాగా, ఈశాన్య ద్వారం గురించి నువ్వే చెప్పు" అని నవ్వింది.

నాగమల్లేశ్వరి లేచింది. "అది ద్వారం కాదు" అంది. "నేను తప్పుగా రాశాను. పైన కమాను లేదు, కింద గడప లేదు. వరదలో గోధుమలు ఉబ్బి గోడ పగిలితే పూడ్చిన అతుకు. అక్కడ కోస్తే ప్రమాదం కూడా."

"ఇది నీకెప్పుడు తెలిసింది?" అంది మార్జరీ.

"శుక్రవారం. మా ఇంట్లో శనగలు నానబెట్టినప్పుడు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మార్జరీ నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అది ఆమె చాలా నొచ్చుకున్నప్పుడు చేసే పనని నాగమల్లేశ్వరికి తెలుసు. కమిషన్ అందరూ చేతులెత్తి, తలుపుకి అనుమతి లేదన్నారు. బయట కార్ల దగ్గర చక్రపాణి ఆమె పక్కనుంచి వెళ్తూ, "మన మనిషి అనుకున్నం" అన్నాడు. డాక్టరుగారు ఆమెని దాటి, ఒక్కరే సందు వైపు నడిచివెళ్ళారు. ఆమె పలకరించబోయింది, ఆయన తల తిప్పలేదు.

గురువారం ఇంటర్వ్యూలో ముగ్గురు కూచున్నారు. ఆమె వల్లెవేసుకున్న ప్రశ్న ఒక్కటీ రాలేదు. చివర్లో మార్జరీ అడిగింది. "నాగా, ఈ సర్వేలో మిగతా మేడలన్నీ సరిగ్గా ఉన్నాయా?"

ఉన్నాయంటే అయిపోయేది. "తెలియదు" అంది నాగమల్లేశ్వరి. "మొన్నటిదాకా తెలుసనుకున్నాను. మళ్ళీ మొదటినుంచీ చూస్తేగాని చెప్పలేను."

శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. కొలంబస్ నుంచి వచ్చిన ఒకతన్ని తీసుకున్నారట. "నేను నీకే ఓటేశాను" అంది మార్జరీ. నాగమల్లేశ్వరి థాంక్స్ చెప్పి, ఫోన్ పెట్టేసి, నేల మీద కూచుండిపోయింది. శశికాంత్ ఆఫీసు నుంచి పెందలాడే వచ్చి, ఆమె పక్కనే నేల మీద కూచున్నాడు. చేతిని నిమురుతూ ఉండిపోయాడు.

శనివారం పొద్దున్నే టేపు తీసుకుని బయల్దేరింది. శశికాంత్ ఇంకా నిద్రలోనే ఉన్నాడు. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ ఇప్పుడు ఆ కొలతలు అడగరు కూడా. ఇంట్లో ఉండలేకపోయింది, అంతే. సర్వేలో మొట్టమొదటి మేడ మెయిన్ స్ట్రీటు మూలమీది మందుల షాపు. అక్కడినుంచి మొదలుపెడదామని, టేపు కొస నేల మీద పెట్టి, దాని మీద ఇటుకరాయి పెట్టింది. రెండడుగులు వేసేసరికి రాయి జారింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారింది. విసుగొచ్చి రాయిని కాలితో ఒక్కటి తన్నింది.

వెనక కారాగింది. డాక్టరుగారు దిగారు.

"మంగళవారం ఆ గోడ చూసొచ్చాను" అన్నారు, పలకరింపు లేకుండా. "చేత్తో తడిమి చూశాను. నలభై ఏళ్ళు అటువంటివి చూస్తూ బతికాను కదమ్మా. అది హెర్నియా. లోపలి ఒత్తిడికి పొట్టగోడ చిరిగితే, ఎవడో తెలిసీ తెలియకుండా కుట్టేసి పోయాడు. దాని మీద మళ్ళీ కత్తి పెడితే నా చేతులు విరగ్గొట్టాలి. నువ్వు శుక్రవారం చెప్తున్నప్పుడే నాకు అర్థమైంది. అర్థమై కూడా ఆ హాలు మీద ఆశతో కిటికీలోకి చూస్తూ నించున్నాను."

నాగమల్లేశ్వరి టేపు చుట్టుకుంది.

"ఉన్న తలుపుతోనే కొంటున్నాం. సిద్ధాంతిగారితో చెప్పాను, సర్జనుగా నేను కొయ్యను, మీ శాస్త్రంలో ఏముందో వెతకండీ అని. ఏదో శాంతి ఉందిట, చేయిద్దామన్నాడు. చక్రపాణి రెండ్రోజులు అలుగుతాడు, తరవాత తనే వస్తాడు." ఆయన కింద పడున్న ఇటుకరాయి వైపు చూశారు. "ఇన్నాళ్ళూ ఊరంతా ఇలాగే కొలిచావా, ఒక్కదానివే?"

"అవునండీ."

ఆయన కోటు విప్పి కార్లో పడేశారు. చొక్కా చేతులు మడిచారు. "ఏ కొస పట్టుకోవాలి?"

ఆమెకి కళ్ళు నిండిపోయాయి. ఏడేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. "సున్నా ఉన్న కొసండీ. ఆ మూలకి ఆనించి, కదలకుండా పట్టుకోండి."

డాక్టరుగారు ఒక చెయ్యి మోకాలి మీద పెట్టి, మూలుగుతూ వంగి, టేపు కొసని గోడ మూలకి నొక్కిపెట్టారు. ఆమె వెనక్కి నడిచింది. టేపు బిగిసింది, జారలేదు. చివరిదాకా వెళ్ళి అంకె చదివి, పాత బొమ్మతో పోల్చి చూసింది. జానెడు తేడా ఉంది. మొట్టమొదటి మేడే తప్పు.

నాగమల్లేశ్వరి పాత అంకె కొట్టేసి కొత్తది రాసింది.

"తరవాతది?" అన్నారు డాక్టరుగారు, వంగినవారు వంగినట్టే.